హెడ్‌ఫోన్స్ కొనేముందు మొదటి ప్రశ్న: ఇంట్లో వినడానికా, బయట వినడానికా?

ఉద్యోగంలో చేరాక రెండో నెల జీతంతో నేను కొన్న మొదటి పెద్ద వస్తువు ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్. దొరికిన రివ్యూలన్నీ చదివాను, యూట్యూబ్‌లో గంటల కొద్దీ వీడియోలు చూశాను. అందరూ 'ఈ ధరలో ఇంతకంటే మంచి సౌండ్ రాదు' అన్నారు. అబద్ధం కాదు. రాత్రి పదకొండు దాటాక, హాస్టల్ అంతా పడుకున్నాక పెట్టుకుంటే, వందసార్లు విన్న ఇళయరాజా పాటలో కూడా అంతవరకు నాకు వినపడని వయొలిన్లు వినిపించాయి.

మర్నాడు అదే తగిలించుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. అమీర్‌పేట వచ్చేలోపే విషయం అర్థమైంది. రైలు చప్పుడంతా నా చెవుల్లోకి వస్తోంది, నా పాటంతా పక్కవాళ్ల చెవుల్లోకి పోతోంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన "బాబూ, కాస్త సౌండ్ తగ్గించు నాయనా" అన్నారు. తగ్గిస్తే నాకు వినపడదు. తీసి బ్యాగులో పెట్టేశాను.

ఆ తర్వాత ప్రయాణానికని చవకలో ఒక నెక్‌బ్యాండ్ కొన్నాను. ఇయర్ టిప్స్ నా చెవికి వదులు. బయటి చప్పుడు లోపలికి వచ్చేది కాబట్టి వాల్యూమ్ దాదాపు చివరిదాకా పెట్టేవాణ్ని. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒక రాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, రూమంతా నిశ్శబ్దం. నా చెవిలో మాత్రం గుయ్‌మని సన్నగా ఒక శబ్దం. కరెంటు వచ్చి ఫ్యాన్ తిరిగాక అది వినపడలేదు, కానీ పోలేదని తెలుసు.

ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆడియోగ్రామ్ తీశారు. 4,000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫ్ చిన్నగా కిందికి దిగింది. పెద్ద శబ్దం వల్ల చెవి దెబ్బతిన్నప్పుడు ముందుగా కనిపించే గుర్తు సాధారణంగా ఇదేనట. ఏ కంపెనీ హెడ్‌ఫోన్ అని ఆయన అడగలేదు, ఎంత పెట్టి కొన్నావనీ అడగలేదు. అడిగినవి మూడే: "ఎక్కడ వింటావు? ఎంత సౌండ్‌లో? ఎంతసేపు?"

నేను చదివిన రివ్యూల్లో ఒక్కటి కూడా నన్ను ఈ మూడు ప్రశ్నలు అడగలేదు. అందుకే ఈ పాఠం మోడళ్ల లిస్టుతో కాకుండా ఆ మూడు ప్రశ్నలతో మొదలవుతుంది. చివరికి వచ్చేసరికి ఏ హెడ్‌ఫోన్ పేజీ తెరిచినా 'ఇది నాకు పనికొస్తుందా' అనేది మీరే తేల్చుకోగలగాలి.

ముందు ఒక చిన్న లెక్క

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి ఫోన్లు, మ్యూజిక్ ప్లేయర్ల కోసం ఒక స్టాండర్డ్ విడుదల చేశాయి. అందులో పెద్దవాళ్లకు చెప్పిన హద్దు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. దీన్ని మొబైల్ డేటా కోటాలా అనుకోండి. వాల్యూమ్ పెరిగే కొద్దీ కోటా త్వరగా ఖర్చవుతుంది. డెసిబెల్ లాగరిథమిక్ స్కేల్ కాబట్టి ప్రతి 3 డెసిబెల్స్‌కీ శబ్దశక్తి రెట్టింపు అవుతుంది, సురక్షితంగా వినగలిగే సమయం సగమవుతుంది.

80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు
83 దగ్గర 20 గంటలు
86 దగ్గర 10 గంటలు
89 దగ్గర 5 గంటలు
92 దగ్గర రెండున్నర గంటలు
95 దగ్గర గంటా పావు

ఇప్పుడు నా ప్రయాణం లెక్కేద్దాం. వెళ్లేటప్పుడు 45 నిమిషాలు, వచ్చేటప్పుడు 45. రోజుకు గంటన్నర, ఐదు రోజులకు ఏడున్నర గంటలు. బయటి చప్పుడును దాటడానికి నేను 89 డెసిబెల్స్‌లో వింటున్నాననుకుందాం. కోటా 5 గంటలే. బుధవారం రాత్రికి నాలుగున్నర గంటలు అయిపోతాయి. గురువారం ఉదయం ఆఫీసుకు చేరకముందే వారం కోటా ఖతం. శుక్రవారం విన్నదంతా చెవి మీద అప్పే.

అదే హెడ్‌ఫోన్ బయటి చప్పుడును ఇంకో 9 డెసిబెల్స్ ఆపగలిగితే? పాటను కూడా 9 తగ్గించి, 80 దగ్గర అంతే స్పష్టంగా వినొచ్చు. అప్పుడు కోటా 40 గంటలు, మన ఏడున్నర గంటలు అందులో ఐదో వంతు కూడా కాదు. పాట అదే, ప్రయాణం అదే. మారిందల్లా చెవిలో ఆ ముక్క ఎంత బాగా అతుక్కుంది అన్నది.

మన లోపలి చెవిలో, అంటే కాక్లియాలో, ఒక్కో వైపు సుమారు 15,000 హెయిర్ సెల్స్ ఉంటాయి. మనిషిలో ఇవి ఒకసారి పోతే మళ్లీ మొలవవు. వీటికి రీప్లేస్‌మెంట్ వారంటీ లేదు.

కాబట్టి రూల్ నంబర్ వన్: బయట వాడే హెడ్‌ఫోన్‌లో ముందు చూడాల్సింది అది బయటి చప్పుడును ఎంత ఆపుతుంది అన్నది. సౌండ్ క్వాలిటీ ఆ తర్వాతే.

ఓపెన్ బ్యాక్, క్లోజ్డ్ బ్యాక్: తేడా ఏంటి?

హెడ్‌ఫోన్‌లో డ్రైవర్ అంటే చిన్న స్పీకర్. అది ముందుకు, అంటే చెవి వైపు గాలిని నెట్టినంతే వెనక్కీ నెడుతుంది. ఆ వెనక గాలిని ఏం చేయాలి అన్నదాన్ని బట్టి రెండు రకాలు వచ్చాయి.

క్లోజ్డ్ బ్యాక్‌లో కప్పు వెనక భాగం మూసేసి ఉంటుంది. బయటి శబ్దం కొంత ఆగుతుంది, మన పాట బయటికి తక్కువగా వెళ్తుంది. కానీ ఆ వెనక శబ్దం లోపలే తిరుగుతుంది కాబట్టి డిజైన్ సరిగ్గా లేకపోతే పాట డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది.

ఓపెన్ బ్యాక్‌లో వెనక జాలీ ఉంటుంది. శబ్దం స్వేచ్ఛగా బయటికి పోతుంది కాబట్టి పాట తలలో ఇరుక్కున్నట్టు కాకుండా గదిలో విన్నట్టు విశాలంగా ఉంటుంది. సెన్‌హైజర్ 1968లో తెచ్చిన హెచ్‌డీ 414తో ఈ రకం మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటికీ చాలామంది రిఫరెన్స్‌గా చెప్పే హెచ్‌డీ 600 కూడా, అది 1997 నాటిది, ఓపెన్ బ్యాకే. వీటికి లోపం లేదు, చోటే ముఖ్యం. నిశ్శబ్దమైన గది ఉంటే రాజా, మెట్రోలో అయితే జల్లెడ.

నేను చేసిన తప్పు ఇదే. ఇంటి కోసం తయారైన వస్తువును బయటికి తీసుకెళ్లాను. రివ్యూ చేసినవాళ్లు తమ గదిలో కూర్చుని నిజమే చెప్పారు. నేనే నా ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

బయట వినడానికి: చెవికి సరిపోవడమే సగం పని

బయటి చప్పుడును ఆపడానికి రెండు దారులు. ఒకటి పాసివ్ ఐసొలేషన్, అంటే చెవిని భౌతికంగా మూయడం. రెండోది ఏఎన్‌సీ, అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్.

పాసివ్‌కి కావలసింది సరైన సైజు ఇయర్ టిప్. దీనికి ఇంట్లోనే ఒక టెస్ట్ ఉంది. బేస్ బాగా ఉన్న పాట పెట్టి, ఇయర్‌బడ్‌ను వేలితో మెల్లగా లోపలికి అదమండి. అదిమినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే, వదిలేయగానే తగ్గిపోతే మీ టిప్ చిన్నదని అర్థం. బాక్సులో వచ్చే పెద్ద సైజు వేసి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలనేం లేదు. నాకు కుడి వైపు మీడియం, ఎడమ వైపు లార్జ్. 'ఈ ఇయర్‌ఫోన్‌లో బేస్ లేదు' అని తిట్టుకునే వాళ్లలో చాలామందికి అసలు సమస్య ఇదే. ఏ సైజూ కుదరకపోతే ఫోమ్ టిప్స్ విడిగా కొనుక్కోవచ్చు. అవి చెవి ఆకారానికి తగ్గట్టు సర్దుకుంటాయి, కాకపోతే కొన్ని నెలలకోసారి మార్చాలి.

ఇక ఏఎన్‌సీ. దీని కథ బాగుంటుంది. 1978లో అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళ్తున్నారు. ఎయిర్‌లైన్ ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంజిన్ మోతలో పాట సరిగ్గా వినపడలేదు. ఆ చప్పుడును ఎలక్ట్రానిక్స్‌తో కొట్టేయడం ఎలాగా అని ఆ ప్రయాణంలోనే లెక్కలు మొదలుపెట్టారు. 1989లో పైలట్ల హెడ్‌సెట్ వచ్చింది, మామూలు వినియోగదారుల కోసం క్వైట్‌కంఫర్ట్ 2000లో వచ్చింది.

ఇది పనిచేసే తీరు సింపుల్. మైక్ బయటి శబ్దాన్ని వింటుంది, చిప్ దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారు చేస్తుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అయితే దీనికో పరిమితి ఉంది. గాలిలో 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు, 4,000 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 8.5 సెంటీమీటర్లు. పెద్ద అల నెమ్మదిగా మారుతుంది కాబట్టి చిప్ దాన్ని సులభంగా పట్టుకుంటుంది. చిన్న అల విషయంలో రవ్వంత ఆలస్యమైనా రద్దవడం కుదరదు. అందుకే ఏఎన్‌సీ బస్సు ఇంజిన్, రైలు గుర్రు, ఏసీ హోరు లాంటివాటిని బాగా తగ్గిస్తుంది. పక్కవాళ్ల మాటలు, హారన్, పసిపిల్లల ఏడుపు లాంటివాటిని ఆపేది ఎక్కువగా ఇయర్ టిప్పే. అంటే ఏఎన్‌సీ ఉన్నా టిప్ వదులుగా ఉంటే సగం డబ్బు వృథా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. బాక్సు మీద '50 డెసిబెల్స్ ఏఎన్‌సీ' అని ఉంటే అది ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠ సంఖ్య, అన్ని శబ్దాలూ అంత తగ్గుతాయని కాదు. రెండోది, ఈఎన్‌సీ అని రాసి ఉంటే దాన్ని ఏఎన్‌సీ అనుకుని కొనేయకండి. ఈఎన్‌సీ మీ మైక్ కోసం. కాల్‌లో అవతలివాళ్లకు మీ చుట్టూ ఉన్న చప్పుడు తక్కువ వినపడుతుంది, మీ చెవికి ఏ మార్పూ ఉండదు. ఒక్క అక్షరం తేడాతో మా రూమ్మేట్ ఇలాగే మోసపోయాడు.

ఇంకో మాట. బండి నడిపేటప్పుడు రెండు చెవులూ మూసుకోకండి. రోడ్డు దాటేటప్పుడు కూడా ట్రాన్స్‌పరెన్సీ మోడ్ పెట్టండి, లేదా తీసి జేబులో వేయండి. చెవిని అంత బాగా మూసే వస్తువు వెనక వచ్చే లారీ హారన్‌ను కూడా మూస్తుంది.

ఇంట్లో వినడానికి: ముందు మీ గది సంగతి చూడండి

'ఇల్లు అంటే నిశ్శబ్దం' అని విదేశీ రివ్యూలు అనుకుంటాయి. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ ఉంటుంది, వంటింట్లో మిక్సీ, కుక్కర్ విజిల్, హాల్లో సీరియల్. అందుకే ఓపెన్ బ్యాక్ కొనేముందు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి, రోజూ వినే సమయంలో గది నిజంగా ప్రశాంతంగా ఉంటుందా? రెండు, అదే గదిలో ఇంకెవరైనా చదువుకుంటారా, నిద్రపోతారా? ఓపెన్ బ్యాక్ పాట వాళ్లకూ వినపడుతుంది. మూడు, అమ్మ పిలిస్తే, డోర్‌బెల్ మోగితే వినపడాలా? ఈ మూడోదానికి ఓపెన్ బ్యాక్ మంచి జవాబు. మొదటి రెండింటికీ ఇబ్బంది ఉంటే క్లోజ్డ్ బ్యాక్ తీసుకోవడమే మేలు.

స్టూడియోల్లో దశాబ్దాలుగా వాడే క్లోజ్డ్ హెడ్‌ఫోన్స్ ఇంటికీ బాగా పనికొస్తాయి. సోనీ ఎండీఆర్-7506 1991 నుంచి ఉంది. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో కూడా ఈ కోవలోవే. వీటిలో బ్యాటరీ లేదు, కాబట్టి రెండు మూడేళ్లకు చచ్చిపోయే భాగమూ లేదు. ఇయర్ ప్యాడ్స్ మార్చుకోవచ్చు. ట్రూ వైర్‌లెస్ బడ్స్‌లో అయితే చిన్న బ్యాటరీ అరిగిపోయాక దాన్ని మార్చడం చాలావాటిలో కుదరదు, మొత్తం పారేయాల్సిందే. పదేళ్ల ఖర్చు లెక్కేసుకుంటే వైర్ ఉన్నది చవక.

మన వాతావరణానికి సంబంధించిన విషయం ఒకటి. క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌కు ఫేక్ లెదర్ ప్యాడ్స్ ఉంటే మే నెలలో అరగంటకే చెవులు చెమటతో తడుస్తాయి. ఆ చెమటకు, ఉక్కకు పైపొర కొన్నాళ్లకు పొట్టులా రాలుతుంది. వెల్వెట్‌లా ఉండే వెలూర్ ప్యాడ్స్‌కు గాలి తగులుతుంది, కాకపోతే శబ్దం ఆపడంలో కొంచెం వెనకబడతాయి. కొనేముందు ఆ మోడల్‌కు విడి ప్యాడ్స్ మనదేశంలో దొరుకుతాయో లేదో చూసుకోండి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దాలతోనే ట్రై చేయండి. కాడలు ప్యాడ్‌ను పైకి లేపితే సీల్ పోతుంది, బేస్ కూడా పోతుంది.

స్పెసిఫికేషన్ షీట్‌ను ఎలా చదవాలి?

డ్రైవర్ సైజు: 40 మిల్లీమీటర్లా, 50 మిల్లీమీటర్లా అన్నదాన్ని బట్టి సౌండ్ బాగుంటుందో లేదో చెప్పలేం. 10 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ కూడా చెవి మూసుకుంటే లోతైన బేస్ ఇస్తుంది.

ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్: దాదాపు ప్రతి బాక్సు మీదా '20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్' అని ఉంటుంది. మనిషి వినగలిగే పరిధి కూడా అదే. కానీ ఆ మధ్యలో ఎక్కడ ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది చెప్పకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు రోడ్డు ఉంది అని చెప్పి, గుంతల సంగతి చెప్పనట్టు ఉంటుంది. కొలిచి గీసిన గ్రాఫ్ ఉన్న రివ్యూలు చూడండి.

ఇంపీడెన్స్, సెన్సిటివిటీ: ఈ రెండింటినీ కలిపే చూడాలి. బీటెక్ ఫస్ట్ ఇయర్ ఫార్ములా గుర్తు తెచ్చుకోండి, పవర్ అంటే వోల్టేజ్ స్క్వేర్‌ను రెసిస్టెన్స్‌తో భాగించడం. ఫోన్ లేదా డాంగిల్ 1 వోల్ట్ ఇస్తోందనుకుందాం. 32 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు సుమారు 31 మిల్లీవాట్లు అందుతాయి. 300 ఓమ్స్‌దానికి 3.3 మిల్లీవాట్లే. ఇద్దరి సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ అయితే, మొదటిది సుమారు 115 డెసిబెల్స్ దాకా వెళ్లగలదు, రెండోది 105 దాకా. అంటే పది డెసిబెల్స్ తేడా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు చెప్తాయి, కొన్ని వోల్ట్‌కు చెప్తాయి. యూనిట్ చూడకుండా రెండు సంఖ్యలను పోల్చితే లెక్క తప్పుతుంది. ఉదాహరణకు హెచ్‌డీ 600 300 ఓమ్స్‌ది, దాని సెన్సిటివిటీని వోల్ట్‌కు 97 డెసిబెల్స్‌గా చెప్తారు. నిశ్శబ్దమైన గదిలో మామూలు వాల్యూమ్‌లో వినడానికి 1 వోల్ట్ ఇచ్చే చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్ కూడా చాలామందికి సరిపోతుంది. 'పెద్ద ఇంపీడెన్స్ అయితే వేలకు వేలు పెట్టి ఆంప్ కొనాల్సిందే' అనే మాట ప్రతిసారీ నిజం కాదు. డీటీ 770 ప్రో లాంటివి 32, 80, 250 ఓమ్స్ వెర్షన్లలో దొరికాయి. ఫోన్‌కు నేరుగా పెట్టేవాళ్లు తక్కువ ఓమ్స్‌ది తీసుకుంటే గొడవ ఉండదు.

ధర: 2017లో యెరూన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌ను ధరతో పోల్చి చూస్తే, రెండింటికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనపడలేదు. డబ్బు పెరిగితే మెటీరియల్, ఏఎన్‌సీ, సౌకర్యం, బ్రాండ్ పేరు పెరగొచ్చు. సౌండ్ కూడా దానంతటదే పెరుగుతుందని అనుకోకండి.

వైర్ కావాలా, బ్లూటూత్ కావాలా?

బ్లూటూత్‌లో పాటను కుదించి పంపుతారు. ఆ కుదించే పద్ధతే కోడెక్. ఎస్‌బీసీ దాదాపు అన్నిటిలో ఉంటుంది, మంచి సెట్టింగ్‌లో సెకనుకు 328 కిలోబిట్స్ వరకు పంపుతుంది. ఎల్‌డాక్ 330, 660, 990 అనే మూడు స్థాయిల్లో పనిచేస్తుంది, ఆండ్రాయిడ్ 8.0 నుంచి ఆండ్రాయిడ్‌లోనే భాగం. ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేదు, అక్కడ ఏఏసీ వాడతారు. కాబట్టి ఐఫోన్ వాడుతూ ఎల్‌డాక్ కోసం అదనంగా డబ్బు పెట్టడం అనవసరం. ఆండ్రాయిడ్‌లోనూ రద్దీ చోట్ల సిగ్నల్ కోసం అది కింది స్థాయికి దిగుతుంది. పైగా రైలు చప్పుడులో కోడెక్ తేడా వినపడే అవకాశం తక్కువ, ఇయర్ టిప్ తేడా మాత్రం వెంటనే వినపడుతుంది.

వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకు ఇంకో సంగతి. ల్యాప్‌టాప్‌లో పాట వింటుంటే బాగుంటుంది, మీటింగ్‌లో చేరగానే అదే హెడ్‌ఫోన్ పాత టెలిఫోన్‌లా అయిపోతుంది. హెడ్‌ఫోన్ పాడవలేదు. మైక్ కూడా ఆన్ అవగానే పాత బ్లూటూత్ పద్ధతిలో కాల్ ప్రొఫైల్‌కు మారుతుంది, అందులో క్వాలిటీ తక్కువ. సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ మైక్, అవుట్‌పుట్‌గా హెడ్‌ఫోన్ పెట్టండి, చాలాసార్లు సమస్య పోతుంది. గేమ్స్ ఆడేవాళ్లకు వైర్ మేలు. బ్లూటూత్‌లో తుపాకీ పేలాక చప్పుడు ఆలస్యంగా వస్తుంది.

ఫోన్‌కు 3.5 మిల్లీమీటర్ల జాక్ లేకపోతే డాంగిల్ కొనేటప్పుడు లోపల డీఏసీ చిప్ ఉన్నదే తీసుకోండి. ఉత్తి వైర్ మాత్రమే ఉండే అతి చవక డాంగిల్స్ చాలా ఫోన్లలో పనిచేయవు.

మరి ఏది కొనాలి?

ఒక్కటే కొనగలిగితే బయటికి పనికొచ్చేదే కొనండి. ఎందుకంటే చెవికి ఎక్కువ ప్రమాదం ఉన్నది అక్కడే, పైగా బయట పనిచేసేది ఇంట్లోనూ పనిచేస్తుంది. ఇంటి ఓపెన్ బ్యాక్ మాత్రం బయట పనిచేయదు.

హాస్టల్లో ఉండే స్టూడెంట్ అయితే, చెవికి సరిగ్గా సరిపోయే వైర్డ్ ఐఈఎం చాలు. రెండు వేల లోపు కూడా మంచివి ఉన్నాయి. చెవిని బాగా మూస్తాయి, చార్జింగ్ అక్కర్లేదు.

రోజూ బస్సులోనో మెట్రోలోనో తిరిగే ఉద్యోగి అయితే, ఏఎన్‌సీ ఉన్న ఇయర్‌బడ్స్. టిప్ సైజులు ఎక్కువ ఇచ్చే మోడల్ చూడండి. చెమట, చినుకుల కోసం కనీసం ఐపీఎక్స్4 ఉండాలి.

ఇంట్లోనే పనిచేస్తూ రోజంతా పెట్టుకునేవాళ్లు బరువు తక్కువ ఉన్న ఓవర్ ఇయర్ చూడండి. స్పెక్స్ కంటే ముందు బరువు చూడండి.

సొంత గది, రాత్రి నిశ్శబ్దం, పాట మీద ప్రేమ ఉన్నవాళ్లు రెండో హెడ్‌ఫోన్‌గా ఓపెన్ బ్యాక్ తీసుకోండి. మొదటిదిగా మాత్రం వద్దు.

కొన్నాక మొదటి పది నిమిషాలు

రిటర్న్ గడువు ఉండగానే ఈ పనులు చేయండి. బేస్ టెస్ట్‌తో టిప్ సైజు తేల్చండి. మీకు బాగా తెలిసిన ఒక్క పాట పెట్టి, గొంతు సహజంగా ఉందా, 'స' అక్షరం చెవిలో గుచ్చుకుంటోందా చూడండి. ఇంట్లో వాల్యూమ్ సెట్ చేసుకుని, దాన్ని ముట్టుకోకుండా మీ రోజువారీ దారిలో వెళ్లండి. బయట ఎన్ని మెట్లు పెంచాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. ఒకటి రెండైతే మంచి కొనుగోలు. ఐదారైతే అది ఎంత గొప్ప బ్రాండైనా మీ ప్రయాణానికి సరిపోలేదు, తిరిగి ఇచ్చేయండి. నేను ఏ రివ్యూ కంటే ఎక్కువగా నమ్మే టెస్ట్ ఇదే.

తర్వాత ఫోన్‌లో ఒక సెట్టింగ్. ఐఫోన్‌లో సౌండ్స్ అండ్ హాప్టిక్స్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీ ఉంటుంది, అక్కడ గరిష్ఠ డెసిబెల్స్‌కు తాళం వేయొచ్చు. ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి సౌండ్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లిమిట్ లాంటి పేరుతో ఉంటుంది. ఇప్పుడే పెట్టేయండి, మళ్లీ గుర్తుండదు.

నా సంగతికి వస్తే, ఆ ఓపెన్ బ్యాక్‌ను అమ్మలేదు. అది ఇప్పుడు టేబుల్ మీదే ఉంటుంది, రాత్రిపూట పాటకు. బయటికి మాత్రం ఫోమ్ టిప్స్ వేసిన ఇయర్‌ఫోన్స్. మెట్రోలో వాల్యూమ్ సగం దాటదు, వారం కోటా శుక్రవారం సాయంత్రానికి కూడా బోలెడు మిగులుతుంది. గుయ్‌మనే ఆ శబ్దం పూర్తిగా పోలేదు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఇప్పటికీ సన్నగా వినిపిస్తుంది. డాక్టర్ ఆ రోజు చెప్పింది ఒకటే: "పోయింది తిరిగి రాదు బాబూ, ఉన్నది కాపాడుకో."

మీ కార్ట్‌లో ఇప్పటికే ఏదైనా హెడ్‌ఫోన్ ఉంటే, డబ్బు కట్టేముందు ఆ మూడు ప్రశ్నలూ ఒకసారి అడగండి. ఎక్కడ? ఎంత సౌండ్‌లో? ఎంతసేపు? జవాబులు ఒక కాగితం మీద రాసుకుని, అప్పుడు ఆ పేజీ మళ్లీ తెరవండి.